ఏ శ్రావణమో రాయలేదు

కళ్యాణదుర్గం,
2 జూన్ 2023

తమ్ముడు జయరాంకు,

కోపంగా ఉన్నా, నువ్వు నిండు నూరేళ్ళు ఉండాలని కోరుకునే మొదలుపెడుతున్నాను. ఇకమీదట ఇంటి సంగతి నీతో ఫోనులో మాట్లాడను. అగ్రిమెంటు రోజు నువ్వు ఫోనులో అరిచిన అరుపులు ఇక్కడ బొరుగుల ఉగ్గాని తింటున్న వాళ్ళందరికీ వినిపించాయి. ఒక పెద్దాయన ప్లేటు కింద పెట్టి “ఏమ్మా, మీ ఊర్లో ఎవురన్నా పోయినారా?” అని అడిగాడు. నువ్వు మొదలుపెడితే నా మాట నోట్లోనే ఉండిపోతుంది. కాగితం మీదైతే చివరిదాకా చదివి తీరాలి. నువ్వూ రాయి. పోస్టాఫీసు ఇంకా మూతపడలేదు.

వరుసగా చెబుతాను. పద్నాలుగేళ్ళుగా మేం అద్దెకుంటున్న ఈ ఇంటినే బదరీనారాయణ శెట్టిగారు అమ్ముతున్నారు. ఆయన తమ్ముడు వాటా పంచమని కూర్చున్నాడట. ముందు వసారాలో నా టిఫిన్ సెంటరు, వెనక రెండు గదులు, నువ్వు ఎరిగినదే. సెల్‌ఫోన్ల షాపు అతనొకడు వచ్చి వసారాను టేపు పెట్టి కొలుచుకుని కూడా పోయాడు. అతను కొంటే నాకు ఇల్లూ పోతుంది, బతుకుతెరువూ పోతుంది. యాభై నాలుగేళ్ళ వయసులో ఇంకో వీధికి పోయి కొత్తగా పొయ్యి వెలిగిస్తే తినడానికి ఎవరొస్తారు?

ధర ఇరవై రెండు లక్షలు. మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాను. నా చీటీలూ పొదుపూ కలిపితే ఇంకో నాలుగు ఉన్నాయి. మిగతా పదిహేను బ్యాంకు లోను. శ్రావణ మాసం ముగిసేలోగా అంతా చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దాటితే అగ్రిమెంటు రద్దు, అడ్వాన్సు తిరిగి రాదు. ఆషాఢంలో శెట్టిగారు ఏ పనీ ముట్టుకోరు కాబట్టి శ్రావణం అని రాయించారు.

మీ బావ వేసే బజ్జీలకు పే స్లిప్పు ఎవరూ ఇవ్వరు. ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా తోడు ఉండాలని బ్యాంకు మేనేజరు అంటున్నాడు. నువ్వు హైస్కూల్లో లెక్కల అయ్యవారివి. మూడు నెలల పే స్లిప్పులు పంపు. అంతకు మించి నిన్నేమీ అడగడం లేదు.

ఇక్కడ వాన జాడే లేదు. నీళ్ళ ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తోంది, అదీ దాని బుద్ధి పుట్టినప్పుడు.

నీ అక్క,
ఆంజినమ్మ

* * *

సోమందేపల్లె,
9 జూన్ 2023

అక్కకు నమస్కారం. బావకు కూడా, ఆయన ఈ గొడవలో ఎవరివైపో తెలియకపోయినా.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఇరవై రెండు లక్షల దగ్గరే ఆగిపోయాను. నన్ను ఒక్క మాట అడిగావా? ఆ ఇంటి బోరు ఆరు వందల యాభై అడుగులు పోయి ఎండిపోయింది. వెనక గోడకు బొటనవేలు పట్టేంత పగులు. నీళ్ళు లేని ఇంటికి ఇరవై రెండా? కొత్త బోరు వేయించాలంటే లక్షన్నర. పడుతుందని నమ్మకం లేదు.

నేనే శెట్టిగారికి ఉత్తరం రాశాను. లక్షన్నర తగ్గించమని, ఎందుకు తగ్గించాలో ఒకటి రెండు మూడు అని కారణాలు వేసి, మర్యాదగానే రాశాను. ఆయన జవాబు వచ్చాక పే స్లిప్పులు పంపుతాను. ముందే పంపితే నువ్వు మర్నాడే ఎక్కడంటే అక్కడ సంతకం పెట్టేస్తావు, నాకు తెలుసు.

మేనేజరును వడ్డీ సంగతి అడుగు. ఇప్పుడు చెప్పే తొమ్మిది శాతం చివరిదాకా అదేనా, మధ్యలో మారుతుందా? నువ్వు అడగవు. నీకు ఇల్లు కనిపిస్తే ఇంకేమీ కనిపించదు.

సోమవారం నుంచి బడి. పిల్లలు రాకముందే బెంచీల లెక్క, పుస్తకాల లెక్క, బూట్ల లెక్క అన్నీ నా నెత్తిన వేశారు. లెక్కల అయ్యవారంటే లోకువ.

తమ్ముడు,
జయరాం

* * *

కళ్యాణదుర్గం,
24 జూన్ 2023

జయరాంకు,

దీవెనలు కిందటి ఉత్తరంలోవే ఇంకా మిగిలి ఉన్నాయి, వాటితోనే సర్దుకో.

ఎవరు రాయమన్నారు నిన్ను శెట్టిగారికి? ఆయన నీ కాగితం పట్టుకుని టిఫిన్ వేళకు నేరుగా మన వసారాలోకి వచ్చారు. “మీ తమ్మునికి లెక్కలొస్తాయి గాని బేరం రాదమ్మా. పద్నాలుగేండ్లు ఆ బోరు నీళ్ళు తాగినప్పుడు గోడ పగులు కనపడల్యా?” అన్నారు అందరి ముందూ. తలెత్తుకోలేకపోయాను. నేను అడిగి ఉంటే యాభై వేలు తగ్గించేవారేమో. ఇప్పుడు రూపాయి తగ్గరు.

దానికి తోడు ఆయన తండ్రి ఈ ఇల్లు కొన్నప్పటి పాత దస్తావేజు కనిపించడం లేదు. వేరుశనగ మూటల గోడౌను అంతా తిరగేయించారు. అది లేకుండా బ్యాంకు కదలదు. రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించాలి. నకలు తెచ్చే పని శెట్టిగారిది, కానీ ఆషాఢంలో ఆయన గడప దాటితే కదా!

మేనేజరు మంచివాడే, కృష్ణా జిల్లా మనిషి. “మీ ఒక్కరి పేరు మీదైతే మీకు అరవై అయిదు నిండేలోపు తీరాలండీ, అంటే పదకొండేళ్ళే. తమ్ముడుగారిని కలిపితే పందొమ్మిదేళ్ళు ఇస్తాం” అన్నాడు. పందొమ్మిదేళ్ళయితే నెలకు పదమూడు వేల ఎనిమిది వందలు. అది నేను కట్టగలను. పదకొండేళ్ళయితే దాదాపు పద్దెనిమిది వేలు. అది కట్టాలంటే నేనూ మీ బావా ఒంటిపూట తినాలి.

నీ పే స్లిప్పులు ఇంకా రాలేదు. మరదలు హేమలత వద్దందా? వద్దంటే వద్దందని రాయి. బెంచీల లెక్క నాకు చెప్పొద్దు.

అక్క,
ఆంజినమ్మ

* * *

సోమందేపల్లె,
1 జూలై 2023

అక్కా,

హేమలత మాట ఎందుకు తెచ్చావు? పే స్లిప్పులు జూన్ ఇరవైన స్పీడ్ పోస్టులో పోయాయి. నీకు కాదు, బ్యాంకుకు. నా మాట కాదని, నా బీరువా తెరిచి, కవరు అంటించి, పోస్టాఫీసుకు పోయి వేసి వచ్చింది హేమలతే. నీ ఉత్తరం చదివి, మడిచి నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. అదే నాకు ఎక్కువ బాధ.

శెట్టిగారికి నేను రాసింది న్యాయమే. పద్నాలుగేళ్ళు అద్దె కట్టినవాళ్ళు గోడ గురించి మాట్లాడకూడదా?

ఇంకో సంగతి. దస్తావేజులో నీ పేరుతో పాటు నా పేరు కూడా పెట్టించు. అదే మంచిది. శెట్టిగారి లాయరుకు ఇప్పుడే చెప్పి ఉంచు, మళ్ళీ మారిస్తే ఖర్చు.

మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఉంటాను.

జయరాం

* * *

కళ్యాణదుర్గం,
8 జూలై 2023

జయరాం,

నీ పేరు కూడా పెట్టించాలా. అదే మంచిదా. ఎవరికి మంచిది?

సగం ఇల్లు కావాలనుకుంటే మొదటి ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది. పద్నాలుగేళ్ళు తెల్లవారుజామున లేచి బొరుగులు నానబెట్టింది నేను. పొగకు కళ్ళు పాడు చేసుకుంది మీ బావ. పేరు మాత్రం నీది కలవాలి.

ఒక మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. నాయన నాలుగెకరాల చేను అమ్మి నిన్ను బీఈడీ చదివించినప్పుడు నా పేరు ఎవరూ అడగలేదు. పదో తరగతి పాసై నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ చేను కాగితాల మీద నీ పేరు ఉందా, నా పేరు ఉందా అని నేను చూడలేదు. నువ్వు అయ్యవారివి అయితే చాలనుకున్నాను.

హేమలతను అపార్థం చేసుకున్నాను, అది నా తప్పే. ఆమెకు చెప్పు. నీకు మాత్రం ఇంకేమీ చెప్పను.

ఆంజినమ్మ

* * *

కళ్యాణదుర్గం,
7 ఆగస్టు 2023

జయరాంకు,

నెల దాటింది, నీ దగ్గర నుంచి అక్షరం లేదు. నాకు రోషం ఉన్నంత నీకూ ఉంటుంది, ఒకే కడుపున పుట్టాం కదా. కానీ ఇల్లు నీ రోషం తీరేదాకా ఆగదు.

బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. అందులో నువ్వు జామీనుదారు మాత్రమే అని ఉంది. గడువు పదకొండేళ్ళు. నెలకు పదిహేడు వేల తొమ్మిది వందల యాభై. ఎవరు మార్పించారు దీన్ని? నన్ను శిక్షించాలనే కదా! సగం ఇల్లు ఇవ్వననగానే పందొమ్మిదేళ్ళు పదకొండు చేశావు. లెక్కల అయ్యవారివి అనిపించుకున్నావు.

ఇక్కడ ఇంకో పీడ. జూలై పద్దెనిమిది నుంచి అధిక మాసమట. ఈ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది, ముందు అధిక శ్రావణం, తర్వాత నిజ శ్రావణం. నా దగ్గరున్న నాలుగు లక్షలు ముందే ఇచ్చేస్తే శెట్టిగారికి నమ్మకం కుదురుతుందని పట్టుకుపోయాను. చేయి వెనక్కి పెట్టుకున్నారు. “అధికంలో దుడ్లు ముట్టనమ్మా. మంచి శ్రావణం రానీ, అప్పుడు తీసుకుంటా” అన్నారు. డబ్బు సంచీ మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాను. పాత దస్తావేజు నకలు కూడా అందుకే ఆగింది.

వేరుశనగ విత్తినవాళ్ళు ఆకాశం కేసి చూస్తున్నారు. ఉగ్గానికి బాకీలు పెరిగాయి. రైతుల దగ్గర డబ్బు లేకపోతే నా దగ్గరా ఉండదు.

నీ అక్కే,
ఆంజినమ్మ

* * *

సోమందేపల్లె,
8 ఆగస్టు 2023

అక్కకు,

నెల రోజులు కలం పట్టుకోబుద్ధి కాలేదు. పట్టుకుంటే ఏం రాస్తానో అని భయం.

నా పేరు దస్తావేజులో ఉండాలన్నది నేను కాదు, బ్యాంకు. పందొమ్మిదేళ్ళ గడువు కావాలంటే నేను అప్పులో భాగస్థుణ్ణి కావాలి, అప్పులో ఉన్నవాడి పేరు దస్తావేజులోనూ ఉండాలి. అది వాళ్ళ రూలు. నెలకు నాలుగు వేలు నీకు తగ్గుతుందని అదే మంచిదని రాశాను. కారణం రాయకపోవడం నా తప్పే, భోజనం గంట కొట్టారని ముగించాను.

జూలై ఇరవై ఒకటిన కళ్యాణదుర్గం వచ్చి మేనేజరును కలిశాను. నా పేరు తీసేయమన్నాను. “గడువు తగ్గిపోతుందండీ, మీ అక్కగారికి భారం” అన్నాడు. తగ్గినా సరే అన్నాను. ఇల్లు నీ ఒక్కదానిదే ఉంటుంది. మీ ఇంటికి రాలేదు. వస్తే ఇద్దరిలో ఎవరో ఒకరం అరిచేవాళ్ళం.

చేను సంగతి నేనూ మరిచిపోలేదు. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

జయరాం

* * *

కళ్యాణదుర్గం,
17 ఆగస్టు 2023

తమ్ముడికి,

నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నీది చదివాక నేను రాసినవన్నీ వెనక్కి లాక్కోవాలనిపించింది. పోస్టు డబ్బాలో వేసినది ఎక్కడ వెనక్కి వస్తుంది? దాని గురించి తర్వాత ఏడుస్తాను. ఇప్పుడు ఏడవడానికి కూడా తీరిక లేదు.

ఈ పొద్దున శెట్టిగారు వచ్చారు. నిన్నటితో శ్రావణం ముగిసిందట! అగ్రిమెంటులో శ్రావణ మాసం ముగిసేలోగా అని ఉంది, మొదటి శ్రావణం నిన్నటి అమావాస్యతో అయిపోయింది, కాబట్టి గడువు దాటిందట. నవ్వులాట అనుకున్నాను. ఆయన ముఖంలో నవ్వు లేదు. వెనక ఆ తమ్ముడు వేణుగోపాల్ నిలబడి ఉన్నాడు.

“అధికంలో దుడ్లు ముట్టనంటిరి కదా శెట్టిగారూ” అన్నాను.

“ముట్టుకోకపోతే నెల లేకుండా పోతాదామ్మా? కాగితంలో ఉండేది శ్రావణం. ఏ శ్రావణమో రాయలేదు” అన్నారు.

ఇప్పుడు రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, సెల్‌ఫోన్ల షాపు అతను ఇస్తానన్న ఇరవై అయిదు లక్షలు నేనే ఇవ్వడం. రెండోది, ఇరవై రెండుకే ఇస్తారు గానీ బ్యాంకుతో పని లేకుండా ఆ పదిహేను లక్షలకు ఇల్లు ఆయన దగ్గరే తాకట్టు పెట్టి, నూటికి రూపాయిన్నర వడ్డీతో నెలనెలా కట్టుకోవడం. రెండూ కాదంటే మూడు లక్షల అడ్వాన్సు పోయినట్టే, నెలలో ఖాళీ చేయాలి.

రెండోదానికి ఒప్పుకుందామని ఉంది. బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక లేదు. వెంటనే రాయి.

అక్క

* * *

సోమందేపల్లె,
21 ఆగస్టు 2023

అక్కా,

ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. మళ్ళీ రాస్తున్నాను, సంతకం పెట్టొద్దు.

నూటికి రూపాయిన్నర అంటే చిన్నగా వినిపిస్తుంది. పదిహేను లక్షల మీద అది నెలకు ఇరవై రెండు వేల అయిదు వందలు. అదీ వట్టి వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. పదేళ్ళు కట్టినా ఇంకా పదిహేను లక్షలు బాకీ ఉంటావు. ఒక నెల తప్పితే ఇల్లు ఆయనదే. అది ఇల్లు కొనడం కాదు, అద్దె పెంచుకోవడం.

ఇరవై అయిదు కూడా వద్దు. ఇరవై రెండు మీద ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా నేను జామీను సంతకం పెట్టను. గట్టిగా నిలబడు. మిగతాది నేను చూసుకుంటాను.

నాకు సిగ్గేస్తున్నది ఒక్కటే. బడిలో పిల్లలకు నెలలూ రోజులూ గుణించి చూపిస్తాను. అగ్రిమెంటు మాట రాయగానే క్యాలెండరు తిప్పి ఈ ఏడు పదమూడు నెలలని చూడాల్సింది నేను. గోడ పగులు చూశాను గానీ అది చూడలేదు.

జయరాం

* * *

కళ్యాణదుర్గం,
26 ఆగస్టు 2023

తమ్ముడు జయరాంకు,

చల్లగా ఉండు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నీ ఉత్తరం రాకముందే, పోయిన శనివారం, శెట్టిగారికి యాభై వేలు ఇచ్చాను. ధర తేలేదాకా ఆ సెల్‌ఫోన్ల అతనికి మాట ఇవ్వకుండా నెల ఆగడానికి. నడుస్తున్న చీటీని నష్టానికి పాడి తెచ్చాను. “మీ తమ్మునికి చెప్పొద్దమ్మా. ఆయప్ప వచ్చి రచ్చ చేసినాడంటే బేరం చెడిపోతాది” అన్నారు. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. తిట్టుకో.

నిన్న వరలక్ష్మీ వ్రతం. శెట్టిగారి భార్య కన్యకమ్మ ఏటా వీధిలోని ముత్తైదువలందరినీ పేరంటానికి పిలుస్తుంది. పోకూడదనుకున్నాను. మీ బావ “పోకపోతే నువ్వే తప్పు చేసినట్లయితాది. పోయిరాపో” అన్నాడు. పోయి ఒక మూల కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. కన్యకమ్మ శనగలూ తాంబూలమూ రవికె గుడ్డా పెట్టిన పళ్ళెం కొంగు కింద పట్టుకుని “ఇస్తినమ్మ వాయనం” అంది. “పుచ్చుకుంటినమ్మ వాయనం” అనాలి కదా. నేను కొంగు చాచలేదు. మళ్ళీ అంది. మూడోసారీ అంది. చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు. ఏదో ఆలోచించి అన్నది కాదు తమ్ముడూ, కడుపు మండి వచ్చేసింది.

“ఏ శ్రావణం వాయనం కన్యకమ్మా ఇది? మీ ఆయప్ప లెక్కలో శ్రావణం పోయిన వారమే ఐపోయింది కదా” అన్నాను.

ఆమెకు ఏమీ తెలియదు. పళ్ళెం అలాగే పట్టుకుని అంతా అడిగింది. అగ్రిమెంటు, నాలుగు లక్షలు ముట్టనని పంపేయడం, ఇరవై అయిదు అడగడం, యాభై వేలు తీసుకోవడం, అన్నీ చెప్పాను. శెట్టిగారిని లోపలికి పిలిచింది.

“ఏమండీ, పోయిన నెల శుక్రవారం నేను కలశం పెడతానంటే మీరేమంటిరి?”

“అది వేరే, ఇది వేరే. ఇది యాపారం. అగ్రిమెంటులో ఏ శ్రావణమో రాయలేదు” అని గొణిగారు ఆయన.

“అది అధికం, అమ్మవారికి పనికిరాదంటిరి. ఈయమ్మ దుడ్లు తెస్తే అధికంలో ముట్టనంటిరి. అమ్మవారికి కాని శ్రావణం ఆంజినమ్మకు ఎట్లయితాది? వాయనం తీసుకోకుండా ఒక ముత్తైదువ మన గడప దాటితే ఆ పాపం నాకొద్దు. మీ తమ్మునికి నేను చెప్పుకుంటా.”

శెట్టిగారు ఆ పన్నెండు మందినీ ఒకసారి చూశారు. ఆయన చెడ్డవారు కాదు జయరాం, ఇన్నేళ్ళలో అద్దె ఆలస్యమైనా ఒక్కసారి గడప తొక్కలేదు. ఆ తమ్ముడి పోరు ఆయన్ని అలా చేసింది. “సరే. ఇరవై రెండే. ఈ శ్రావణం అమావాస్య లోపల. యాభై వేలూ వాపసు. పాత దస్తావేజు నకలు సోమవారమే తెప్పిస్తా” అన్నారు.

అప్పుడు కన్యకమ్మ నాలుగోసారి “ఇస్తినమ్మ వాయనం” అంది. “పుచ్చుకుంటినమ్మ వాయనం” అని పుచ్చుకున్నాను.

ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి. జామీను సంతకానికి రా.

నీ అక్క,
ఆంజినమ్మ

* * *

సోమందేపల్లె,
30 ఆగస్టు 2023

అక్కకు నమస్కారం.

నిన్ను తిట్టమన్నావు. తిట్టే మొహం నాకు లేదు.

నువ్వు శెట్టిగారి రెండు దారుల గురించి రాసిన ఉత్తరం ఆగస్టు పందొమ్మిది శనివారం అందింది. మర్నాడు ఆదివారం కళ్యాణదుర్గం వచ్చాను. మీ ఇంటి ఎదురుగానే బస్సు దిగాను. బావ బజ్జీలు తీస్తూ కనిపించాడు. తల తిప్పుకుని నేరుగా శెట్టిగారి అంగడికి పోయాను. స్కూలు సొసైటీలో ముందే అప్పు తీసి ఉంచిన యాభై వేలు ఆయన చేతిలో పెట్టాను, నెల రోజులు ఇల్లు ఎవరికీ మాట ఇవ్వొద్దని. “మీ యక్కకు చెప్పొద్దు సార్. పౌరుషం గల మనిషి, ఊరికే బాధపడతాది” అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను! అంతకు ముందురోజే నీ దగ్గర తీసుకుని ఉన్నాడు. మర్నాడు కూర్చుని, ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా సంతకం పెట్టనని నీకు రాశాను.

ఆయన మంచివాడని నువ్వు రాశావు. ఒకే నెలను ఇద్దరికి అమ్మినవాణ్ణి నేను మంచివాడనను. కానీ మోసపోయింది మన మొండితనం వల్లే. ఇద్దరం ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే ఒక్క యాభై వేలైనా మిగిలేది. హేమలత ఏమందో తెలుసా? “అంత దూరం పోయి మీ యక్క ముందర కూర్చోనింటే రెండు దోసెలన్నా దక్కుతుండె” అంది.

నీకు పదకొండేళ్ళ గడువు తెచ్చిపెట్టింది నేను. కాబట్టి నువ్వు కట్టగలిగిన దానికి పైన పడే నాలుగు వేలూ నెలనెలా నేను పంపుతాను. దీనికి జవాబు రాయొద్దు.

సంతకానికి వస్తాను.

జయరాం

* * *

కళ్యాణదుర్గం,
17 సెప్టెంబర్ 2023

తమ్ముడు జయరాంకు,

పదమూడో తేదీ రిజిస్ట్రార్ ఆఫీసులో పక్కపక్కన నాలుగు గంటలు కూర్చుని మనం మాట్లాడుకున్నది ఎంత? “నీళ్ళు తాగుతావా”, “వద్దు”. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నవాళ్ళం! మర్నాడు అమావాస్య. సర్వరు పని చేయడం లేదని ఆఫీసులో అన్నారు. నువ్వు లేచి కౌంటరు దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టావు. జీవితంలో మొదటిసారి నీ అరుపు నాకు తియ్యగా వినిపించింది.

దస్తావేజు తెచ్చుకుని చదివాను. కొన్నవారు ఎర్రప్ప కుమార్తె, లక్ష్మన్న భార్య ఆంజినమ్మ. నా ఒక్కదాని పేరే. మీ బావ చదవమని రెండుసార్లు అడిగాడు, మూడోసారి నాకు కళ్ళు కనిపించలేదు.

ఆ డబ్బు సంగతి. శెట్టిగారు యాభై వేల కట్ట మనిద్దరి మధ్యా బల్ల మీద పెట్టి “మా ఇంట్లో ఆమె చెప్పింది ఒక యాభై వేలే వాపసు చెయ్యమని. ఎవురిదో మీరే తేల్చుకోండి” అన్నారు కదా. రెండోది ఆయన తమ్ముడి వాటాలోకే పోయిందట, ఇక రాదు. కన్యకమ్మకు చెబుతానంటే నువ్వు కళ్ళతోనే వద్దన్నావు. అంటే ఇల్లు మనకు ఇరవై రెండున్నర పడింది. ఒక్క రూపాయి ఎక్కువిస్తే ఒప్పుకోనన్నవాడివి, ఎలా నిద్రపోతున్నావో!

కట్ట నాదని నువ్వు, నీదని నేను తోసుకున్నాం. నువ్వు బల్ల మీదే వదిలేసి బస్సెక్కేశావు. నేను దానికి ఇంకో నాలుగు వేలు వేసి నిన్న బ్యాంకులో మూడు నెలల కంతులు ముందే కట్టేశాను. ఇప్పుడది నీదీ కాదు, నాదీ కాదు.

చేను సంగతి ఇక ఎత్తనని మాట ఇవ్వలేను, నా నోరు నీకు తెలుసు. ఎత్తినా నిన్ను పొడవడానికి ఎత్తను. నాయన ఆ చేను మంచిదానికే అమ్మాడు.

నెలకు నాలుగు వేలు వద్దని రాయబోయి కలం ఆపాను. పద్దెనిమిది వేలు నా వల్ల కాదు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. పంపు. కాదు, పంపొద్దు. ఫోన్‌పేలో వేస్తే వేసినంత తిప్పి కొడతాను. ఇంకా నూట ఇరవై తొమ్మిది కంతులు మిగిలాయి. నూట ఇరవై తొమ్మిది సార్లూ నువ్వే బస్సెక్కి వచ్చి నా చేతిలో పెట్టాలి.

నీ అక్క,
ఆంజినమ్మ